వేడి, చెమ్మల నుంచి పాటల పెట్టెను కాపాడుకుందాం



మన ఇళ్ళలో టేప్‌రికార్డరో, యాంప్లిఫయరో, సౌండు బాక్సులో ఉన్నాయంటే అవి నాన్న ఓవర్‌టైం డబ్బుతోనో, అమ్మ చీటీ డబ్బుతోనో కొన్నవే. పాడైతే మరొకటి కొనడం అందరి వల్లా కాదు. పైగా కొందరి ఇళ్ళలో తాతలు పాడిన తప్పెటగుళ్ళ పాటలు పాత క్యాసెట్లలోనే ఉన్నాయి. ఆ గొంతులు బజారులో దొరకవు. మా ఇళ్ళలో డిగ్రీ దాటి చదివినవాళ్ళం మేమే మొదటివాళ్ళం. చదివిన సైన్సు ఇంటికి పనికొచ్చే చోటు ఇదొకటి అనిపించి ఈ వ్యాసం రాస్తున్నాం.

చెమ్మ ఏం చేస్తుంది?

కంచరపాలెంలో ఇంటి ముందు సముద్రం కనబడదు గాని, వీచేది సముద్రపు గాలే. అందులో చెమ్మతోపాటు ఉప్పు కూడా ఉంటుంది. సాపేక్ష ఆర్ద్రత సుమారు 75 శాతం దాటితే ఉప్పు గాలిలోని నీటిని పీల్చి కరగడం మొదలుపెడుతుంది. అంటే వంటగదిలో ఉప్పు డబ్బా చెమ్మగిల్లిన రోజున, సెట్టు లోపల పేరుకున్న ఉప్పుదుమ్ము కూడా చెమ్మగిల్లుతుంది. ఉప్పునీటి గుండా కరెంటు పారుతుంది, రాగికి చిలుము పడుతుంది. స్పీకరులోని కాగితపు కోన్ మెత్తబడుతుంది. క్యాసెట్ టేపుకు బూజు పడుతుంది.

వేడి ఏం చేస్తుంది?

యాంప్లిఫయరులోని పెద్ద కెపాసిటర్లలో ద్రవం ఉంటుంది. వేడికి అది మెల్లగా ఆరిపోతుంది. 10 డిగ్రీల వేడి పెరిగితే వాటి ఆయుష్షు సగమవుతుందని ఒక మోటు లెక్క. రేకుల ఇంట్లో మే నెల మధ్యాహ్నం ఎలా ఉంటుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఏం చేయాలి?

1. సెట్టును గోడకు జానెడు దూరంగా, చెక్క పీట మీద పెట్టండి. అటక మీద వద్దు. వేడిగాలి పైకే చేరుతుంది.

2. ప్లాస్టిక్ కవరు చుట్టవద్దు. లోపల చిక్కుకున్న చెమ్మ రాత్రి చల్లబడగానే నీటి బొట్లవుతుంది. సెట్టు ఆపి, చల్లారాక పలుచని నూలుగుడ్డ కప్పితే చాలు.

3. వానాకాలంలో వారానికి రెండుసార్లైనా అరగంట పాడించండి. ఆ వేడికి లోపలి చెమ్మ ఆరుతుంది.

4. క్యాసెట్లు వేడి పుట్టించవు కాబట్టి వాటికి మూత బిగుతైన డబ్బా మంచిది. అందులో కొత్త సిలికా జెల్ పొట్లం వేయండి. చాలాకాలం గాలి తగిలిన పొట్లం అప్పటికే నీరు పీల్చేసి ఉంటుంది.

5. ప్లగ్గు తీసి, పైదుమ్ము పొడి బ్రష్షుతో దులపండి. మూత విప్పవద్దు. ప్లగ్గు తీసినా కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉండి షాకు కొట్టవచ్చు.

6. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు సెట్టు తడిస్తే, కరెంటు వచ్చిందని వెంటనే స్విచ్చి వేయవద్దు. నీడలో గాలికి ఆరబెట్టి, మెకానిక్కు చూపించాకే వేయాలి.

ఎంత కాపాడినా టేపు శాశ్వతం కాదు. సెట్టు పాడైతే బాగుచేయించుకోవచ్చు, చెరిగిపోయిన గొంతును తేలేం. అందుకే ఈసారి సెలవులకు ఇంటికి వెళ్ళగానే ఆ పాత క్యాసెట్లను ఫోనులోకి ఎక్కించి, మరోచోట కూడా ఒక కాపీ దాచండి. పాడింది ఎవరో, ఏ ఊరిదో పెద్దలనడిగి పేరు రాసిపెట్టండి.