సంఘములో వాదము వచ్చినప్పుడు: కాలిఫోర్నియా కుల చట్టమును గూర్చి ఒక పాఠము

చదువవలసిన భాగములు: అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయము, రోమా 14వ అధ్యాయము, 1 కొరింథీ 1వ అధ్యాయము చివరి భాగము.



పెద్దల బైబిలు తరగతికి ఈ నెల అమెరికా సంగతి ఎందుకని కొందరు అడుగవచ్చును. సత్తువాచారిలోను, గుడియాత్తంలోను మన కుటుంబములలో కొడుకో, కోడలో, అన్నగారి మనవడో డాలసులోనో న్యూజెర్సీలోనో ఉంటున్న ఇళ్లు ఇప్పుడు కొత్త కాదు. అక్కడి తగవు శనివారము రాత్రి ఫోనులో ఇక్కడికి వస్తుంది, ఆదివారము ఉదయము ఆరాధన అయిన తరువాత చెప్పుల దగ్గర నిలబడి మాట్లాడుకునే మాటలలోకి దిగుతుంది. గర్భస్రావము, తుపాకులు, వలస, హెచ్-1బి వీసాకు 2025 సెప్టెంబరులో పెట్టిన లక్ష డాలర్ల రుసుము, ఇలా ఎన్నో ఉన్నవి. అన్నిటినీ ఒక పాఠములో పట్టుకోలేము. ఒక్కటి తీసుకుందాము. అది మన ఊళ్ల నుండి అక్కడికి వెళ్లిన తగవు: కులము.

"రాజకీయాలు గుడిలో వద్దయ్యా" అనే పెద్దల మాటలో సగము నిజమున్నది. ఎవరికి ఓటు వేయాలో ప్రసంగ పీఠము మీద నుండి చెప్పకూడదు. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రములోని డాన్‌బరీ బాప్తిస్టులు 1801లో అధ్యక్షుడు జెఫర్సన్‌కు ఉత్తరము వ్రాశారు. వేరొక సంఘమునకు ప్రభుత్వము అండగా ఉన్న రాష్ట్రములో వారు చిన్న గుంపు. 1802 జనవరి 1న ఆయన ఇచ్చిన జవాబులోనే సంఘమునకు, ప్రభుత్వమునకు నడుమ గోడ అనే మాట వచ్చినది. ఆ గోడను కోరినవారు మన బాప్తిస్టులే. అయితే వారు కోరినది ప్రభుత్వపు చెయ్యి సంఘము మీద పడకుండా ఉండాలని. పొరుగువానికి జరిగే న్యాయాన్యాయములను గూర్చి విశ్వాసులు నోరు కుట్టుకోవాలని కాదు.

ఇక సంగతి ఏమిటో ముందు తెలుసుకుందాము. ఈ విషయము మీద గొంతు పెంచేవారిలో చాలామంది ఆ చట్టములో ఏమున్నదో చూడలేదని నా అనుమానము.

2020లో కాలిఫోర్నియా పౌరహక్కుల శాఖ సిస్కో అనే కంపెనీ మీద దావా వేసినది. దళితుడైన ఒక ఇంజనీరును అగ్రకులమునకు చెందిన ఇద్దరు పై అధికారులు చిన్నచూపు చూశారని ఆరోపణ. కంపెనీ ఒప్పుకోలేదు. 2023 ఏప్రిల్‌లో ఆ ఇద్దరు వ్యక్తుల మీది కేసును శాఖ తానే వెనక్కు తీసుకున్నది, కంపెనీ మీది కేసును ఉంచినది. ఈ రెండు వాక్యములలో ఒకదానినే చెప్పి ఊరుకునే వారిని మీరు రెండు పక్షములలోనూ చూస్తారు. 2023 ఫిబ్రవరి 21న సియాటిల్ నగర మండలి ఆరు ఓట్లు అనుకూలముగా, ఒక ఓటు వ్యతిరేకముగా రాగా కుల వివక్షను నిషేధించినది. అమెరికాలో అలా చేసిన మొదటి నగరము అదే. తీర్మానము తెచ్చిన క్షమా సావంత్ స్వయముగా బ్రాహ్మణ కుటుంబములో పుట్టిన స్త్రీ. అదే సంవత్సరము కాలిఫోర్నియా సెనెటులో అయిషా వహాబ్ అనే సభ్యురాలు 403వ నంబరు బిల్లు పెట్టినది. మొదట కులమును ప్రత్యేకమైన అంశముగా వ్రాశారు. వాదములు జరిగిన తరువాత మార్చి, 'వంశము' అనే పాత మాటకు అర్థములో కులమును, పుట్టుకతో వచ్చే ఇతర అంతస్తును చేర్చారు. ఉభయ సభలూ ఆమోదించినవి. అక్టోబరు 7న గవర్నరు గావిన్ న్యూసమ్ దానిని తిప్పి పంపారు. వంశమును బట్టి వివక్ష ఉన్న చట్టములోనే నేరము గనుక క్రొత్త చట్టము అక్కరలేదని ఆయన కారణము. అంతకు కొద్ది దినముల ముందే ఫ్రెస్నో నగరము తన హద్దులలో కుల వివక్షను నిషేధించినది.

వద్దన్నవారి మాట ఏమిటి? హిందూ అమెరికన్ ఫౌండేషన్ వంటి సంస్థలు ఇలా వాదించినవి: కులము అనగానే అమెరికా వానికి తోచేది భారతీయుడు, అందులోను హిందువు. చట్టములో ఆ మాట వ్రాస్తే ఒక జాతి మీదనే వేలు చూపినట్లు. రేపు ఉద్యోగమునకు వచ్చిన ప్రతి భారతీయుని అనుమానముగా చూస్తారు, అక్కడ పుట్టి కులమంటే తెలియని పిల్లవాడు కూడ సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది. ఈ మాటను కొట్టివేయకూడదు. పరాయి దేశములో తక్కువ మంది ఉన్నవారికి కలిగే భయము అది. తమిళనాడులో తెలుగువారముగా ఉండి మనకు ఆ భయము తెలియదా? 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రములోకి మారిన రోజులను ఎరిగిన పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు.

కావాలన్నవారి మాట ఏమిటి? వంశము అనే మాటతో సరిపోతుందని న్యాయశాస్త్రము చదివినవాడు అనవచ్చును. కాని కంపెనీలో ఫిర్యాదు తీసుకునే అధికారి ఒహాయోలో పుట్టినవాడు. మన వాడు కులము ఎలా అడుగుతాడో ఆయనకేమి తెలుసు? "ఇంటిపేరేమిటి? ఏ ఊరు? ఊళ్లో ఏ వైపు?" ఈ మూడు ప్రశ్నలతో పని అయిపోతుంది. నాలుగవ ప్రశ్న నాన్నగారి ఉద్యోగము. ఇందులో ఏ ఒక్కటీ విడిగా చూస్తే తప్పు మాట కాదు. అడిగినవాడు నవ్వుతూనే అడుగుతాడు. జవాబు చెప్పినవాడికి మాత్రము తరువాతి వారము నుండి భోజనమునకు పిలుపు రాదు. ఆ తేడాను ఒహాయో మనిషికి చెప్పాలంటే ఆ మాట చట్టములో ఉండవలెనని వీరి వాదన.

ఇప్పుడు లెక్కల దగ్గర కొంచెము ఆగుదాము. నేను బడిపంతులును, ఇక్కడ తొందరపడను. ఈక్వాలిటీ ల్యాబ్స్ అనే సంస్థ 2018లో ఇచ్చిన నివేదికలో, జవాబు చెప్పిన దళితులలో నూటికి 67 మంది పని స్థలములో తమను సరిగా చూడలేదన్నారు. కార్నెగీ సంస్థ 2020లో 1,200 మంది భారతీయ అమెరికన్లను అడిగి 2021లో ప్రకటించిన నివేదికలో కుల వివక్షకు గురి అయ్యామన్నవారు నూటికి 5 మంది. ఒక పక్షము 67ను పట్టుకుంటుంది, రెండవ పక్షము 5ను పట్టుకుంటుంది. ఒకరినొకరు అబద్ధికులంటారు.

నూరు ఇళ్ల ఊరున్నదనుకోండి. అందులో రెండు ఇళ్లే మనవి. ఆ రెండింటినీ నీళ్ల దగ్గర నిలబెట్టి అవమానించారు. ఊరంతా తిరిగి అడిగితే లెక్క నూటికి రెండు. మన రెండు ఇళ్లను మాత్రమే అడిగితే నూటికి నూరు. రెండు లెక్కలూ నిజమే. కార్నెగీ నివేదికలో కులము చెప్పిన హిందువులలో పదిలో ఎనిమిది మందికి పైగా పై కులములవారు. వారిని అడిగితే వివక్ష లేదనే అంటారు, వారికి జరగలేదు గనుక. అయితే ఈక్వాలిటీ ల్యాబ్స్ లెక్కలోను లోపము ఉన్నది. ఒకరి ద్వారా ఒకరిని కలుస్తూ పోయిన లెక్క అది, చీట్లు తీసి ఎంచిన లెక్క కాదు. బాధపడినవాడే ముందుకు వచ్చి జవాబు ఇచ్చి ఉండవచ్చును. కాబట్టి అమెరికాలోని దళితులందరిలో నూటికి 67 మంది అని చెప్పడానికి వీలు లేదు. ఎవరైనా మీ ముందు ఒక అంకె పెడితే "ఎవరిని అడిగారు?" అని అడగండి. వాదములో సగము వేడి అక్కడే దిగుతుంది.

నా అభిప్రాయము దాచను. ఆ మాట చట్టములో ఉండటమే మేలని నేను అనుకుంటాను. రోగము పేరు చీటీలో వ్రాయనిదే మందు ఇవ్వరని సి.ఎం.సి.కి నెల్లూరు నుండి, ఒంగోలు నుండి వచ్చే మనవారికి చెప్పనక్కరలేదు. అయితే మార్చి వ్రాసిన బిల్లు మొదటిదానికన్న మంచిది. వద్దన్నవారు వాదించినందుననే అది మంచిదైనది. ఇది గమనించండి.

ఇక మన సంఘ చరిత్రలోనికి వద్దాము. 1840ల ఆరంభములో అమెరికా బాప్తిస్టులలో బానిసత్వమును గూర్చి తగవు పెరిగినది. వారి మిషనరీ సమాజపు పెద్దలు ఏమి చేశారు? ఈ విషయములో మేము ఏ పక్షమూ కాము, మన పని సువార్త అన్నారు. 1844 మహాసభలోను ఆ మౌనమునే నిలుపుకున్నారు. ఆ మౌనము ఏడాది కూడ నిలువలేదు. బానిసలు ఉన్నవానిని మిషనరీగా పంపవచ్చునా అనే సూటి ప్రశ్న వచ్చినది. పంపజాలమని మండలి చెప్పినది. 1845 మేలో జార్జియా రాష్ట్రములోని అగస్టాలో దక్షిణాది బాప్తిస్టులు విడిపోయి వేరు సమాజము పెట్టుకున్నారు. ఆ సమాజము బానిసత్వమును సమర్థించిన తన గతమునకు క్షమాపణ చెప్పినది 1995లో, అట్లాంటాలో. నూట యాభై సంవత్సరములు! ఆ చీలిక రోజులలో తెలుగు మిషను అంటే డే దొర నెల్లూరులో పెట్టిన ఒక్క స్టేషను మాత్రమే. మనలను కన్న మిషను ఉత్తరాదివారిది. దానిని మూసివేయాలా అని 1853లో ఆల్బనీలో వాదించి, వద్దని నిలుపుకున్నారు. 'ఒంటి నక్షత్రము' అనే పేరు అప్పుడు వచ్చినదే. వాదము సంఘమును చీల్చిన సంగతీ, వాదము మిషనును బ్రతికించిన సంగతీ ఒకే పదేళ్లలో ఉన్నవి.

ఒంగోలులో క్లౌ దొరకు ఇదే పరీక్ష వచ్చినది. బడికి బ్రాహ్మణ పిల్లలు వస్తున్నారు, వారి పెద్దలు మంచిగా ఉన్నారు. ఇటు యెర్రగుంట్ల పేరయ్య వెనుక మాదిగలు వస్తున్నారు. వీరిని చేర్చుకుంటే మేము రాము అని వారు చెప్పారు. దొర, దొరసాని వేరువేరు గదులలో బైబిలు తెరవగా ఇద్దరికీ 1 కొరింథీ మొదటి అధ్యాయము చివరి భాగమే వచ్చినదని ఆయన వ్రాసుకున్నారు. ఆ తీర్మానము వలన బడి ఖాళీ అయినది. 1878 జూలైలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందినది ఆ తీర్మానము తరువాతనే.

ఈ కథను మనము వార్షికోత్సవములలో చెప్పుకొని సంతోషిస్తాము. అయితే కాలిఫోర్నియా సంగతి వచ్చేసరికి "కులము హిందువుల గొడవ, మనకేమి" అనేవారు మన బెంచీల మీదనే ఉన్నారు. అమెరికాలోని మన పిల్లవాడు "మాకు కులము లేదు, మేము క్రైస్తవులము" అంటాడు. ఇక్కడ వాని తండ్రి పెట్టెలో ఉన్న సర్టిఫికెట్టు ఏమంటున్నది? 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము హిందువు కాని దళితుడు షెడ్యూల్డు కులము కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. క్రైస్తవుడని నిజము వ్రాసినవాడు తమిళనాడులో వెనుకబడిన తరగతి. అన్న ఒక విధముగా, తమ్ముడు ఒక విధముగా వ్రాయించుకున్న ఇళ్లు ఉన్నవి. నేను ఎవరినీ తప్పు పట్టను. పిల్లల ఫీజు కట్టేవారికి ఆ బాధ తెలుసు.

ఇంకొక మెట్టు దిగితే ఇంకా వేడి. 1994లో ప్రకాశం జిల్లాలో మొదలైన మాదిగ దండోరా అడిగిన వర్గీకరణకు సుప్రీంకోర్టు 2004లో కాదన్నది, 2024 ఆగస్టు 1న రాష్ట్రములు చేయవచ్చునన్నది. తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుండి అది అమలులోకి వచ్చినది. తమిళనాడులో 2009 నుండే అరుంధతీయులకు 18 శాతములో 3 శాతము ప్రత్యేకముగా ఉన్నది. వారిలో ఎందరో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు. మాల, మాదిగ కుటుంబములు ప్రక్క ప్రక్కన కూర్చొని ప్రభురాత్రి భోజనము తీసుకునే మన సంఘములలో ఈ మాట ఎత్తడానికి ఎవరికీ ధైర్యము చాలదు. సియాటిల్ గురించి గంటసేపు మాట్లాడగలము. దీనిని గురించి అయిదు నిమిషములు మాట్లాడలేము. నా మట్టుకు నాకు ఇదే అసలు పాఠము.

మరి ఎలా మాట్లాడాలి? కార్యములు 15లో వరుస చూడండి. మొదట బహుగా వాదించుకోనిచ్చారు, ఎవరూ గంట కొట్టి ఆపలేదు. తరువాత పేతురు తాను చూచినది చెప్పాడు. అప్పుడు అందరూ ఊరకుండి బర్నబా పౌలుల అనుభవము విన్నారు. అటుపిమ్మట యాకోబు మాట్లాడాడు, చివరకు ఉత్తరము వ్రాశారు. ముందే ఉత్తరము వ్రాసి తెచ్చి సంతకము పెట్టమనలేదు. (అదే అధ్యాయము చివర మార్కు విషయమై పౌలు, బర్నబా విడిపోయారు. బైబిలు దానిని దాచిపెట్టలేదు.)

మన తరగతిలో ఈ విధముగా చేసి చూడండి. కాలిఫోర్నియా బిల్లు కావాలనే తమ్ముడిని వద్దనేవారి పక్షమున అయిదు నిమిషములు మాట్లాడమనండి. వద్దనే అన్నగారిని కావాలనే పక్షమున మాట్లాడమనండి. ఎదుటివాడు "అవును, నా మాట అదే" అన్న తరువాతనే జవాబు చెప్పాలి. వాట్సాప్‌లో వచ్చినదానిని చదివి వినిపించవద్దు, తెలిసినది సొంత మాటలలో చెప్పాలి. సెలవులకు అమెరికా నుండి వచ్చిన పిల్లలు ఉంటే వారిని ముందు వినండి. అయితే వారు అక్కడ ఏ పార్టీ వైపో అందరి ముందు అడగవద్దు. వీసా మీద ఉన్న పిల్లలకు తమ మాట ఎక్కడికి పోతుందో అనే భయము ఉంటుంది. స్త్రీల సమాజమువారు ప్రక్క గదిలో కాక ఇదే తరగతిలో కూర్చోవలెను. ఇంటిపేరు, ఊరు అడిగే ప్రశ్నలు పెళ్లి చూపులలో ఎలా వస్తాయో వారికి తెలిసినంతగా మగవారికి తెలియదు. ఓటు తీయవద్దు.

రెండవ ఆదివారము కాలిఫోర్నియా బిల్లు. మూడవ ఆదివారము సర్టిఫికెట్టు సంగతి, వర్గీకరణ సంగతి. మొదటిదానికి వచ్చినవారు రెండవదానికి కూడ రావలెనని, అయ్యగారు ఆ దినమున వేరే ఊరిలో కూటము పెట్టుకోకుండా ముందుగానే చెప్పి ఉంచవలెనని కోరుచున్నాను.