గ్లాసులో నీళ్లు, అనంతగిరి మలుపులు

'ఇనీషియల్ డి' చూడని వాళ్ల కోసం ముందు కథ చెప్తాను. చూసిన వాళ్లు ఈ రెండు పేరాలు దాటేయొచ్చు, కానీ దాటకండి. లెక్కలన్నీ ఇక్కడి నుంచే వస్తాయి.

షుయిచి షిగెనో 1995లో మొదలుపెట్టిన జపాన్ బొమ్మల కథ ఇది. 1998లో టీవీ సీరియల్‌గా వచ్చింది. హీరో టకుమి ఇంటర్ వయసు పిల్లాడు. వాళ్ల నాన్నకి టోఫు దుకాణం ఉంది. టోఫు అంటే సోయా పాలతో చేసే పనీరు లాంటిది. రోజూ తెల్లవారకముందే కొండ మీది హోటల్‌కి టోఫు డెలివరీ చేయాలి. కారేమో పాత టయోటా. నాన్న ఒక గ్లాసులో నీళ్లు పోసి కారులో పెడతాడు. షరతు ఒక్కటే: నీళ్లు ఒలకకూడదు. నీళ్లు ఒలకలేదంటే టోఫు చెదరలేదని అర్థం. పిల్లాడు అలా ఏళ్ల తరబడి ఆ మలుపులు దిగీ దిగీ, తనకే తెలియకుండా గొప్ప డ్రైవర్ అయిపోతాడు.

నేను చెప్పబోయేది అతని మొదటి అసలు రేసు. ఎదురుగా కెయిసుకే, వాడి దగ్గర మాజ్డా ఆర్‌ఎక్స్ 7. మన టోఫు కారుకి దాని పవర్‌లో సగం కూడా లేదు. రాత్రి పూట కొండ దిగాలి. వరసగా ఐదు హెయిర్‌పిన్ మలుపులు ఉన్న చోట టకుమి లోపలి వైపు చక్రాలని రోడ్డు పక్కన నీళ్లు పోయే సిమెంటు గాడిలో దించుతాడు. టైరు గాడి గోడకి ఆనుకుంటుంది, కారు బయటికి జారదు, లోపలి నుంచి ఓవర్‌టేక్. ఎపిసోడ్ అయ్యేసరికి రూంలో ఈలలు. మా ఫ్రెండ్ ఒకడు అడిగాడు: "అరే, మన అనంతగిరి మీద గిట్ల కొట్టొచ్చా?"

అడిగింది సరదాకే అయినా, సివిల్, మెకానికల్ వాళ్లం ఇంతమందిమి ఉండి జవాబు లెక్కతో చెప్పకపోతే బాగోదు.

అనంతగిరి తెలియని వాళ్లు మన కాలేజీలో తక్కువే. వికారాబాద్ దాటగానే తాండూరు రోడ్డు ఎక్కే కొండలు. మూసీ పుట్టేది అక్కడే. అనంత పద్మనాభస్వామి గుడి అక్కడే. కొండ దిగితే ధారూర్, అటు పోతే తాండూరు. హైదరాబాద్ నుంచి పొద్దున బయల్దేరి సాయంత్రానికి తిరిగి రాగల ఘాట్ రోడ్డు కాబట్టి ఆదివారం వస్తే అక్కడ బైకులు, కార్లు, కోతులు, సెల్ఫీలు. 2023 ఆగస్టులో పంద్రాగస్టు సెలవుకి వచ్చిన కొందరు అక్కడే కార్లతో, బైకులతో రేసులు, స్టంట్లు చేశారు. వీడియోలు వైరల్ అయ్యాయి, పోలీసులు కేసులు పెట్టారు. అంటే మా వాడి ప్రశ్న కొత్తదేం కాదు. కొంతమంది చేసి చూపించేశారు కూడా.

సరే, గ్లాసు తీసుకుందాం. నా ఉద్దేశంలో ఆ సీరియల్ మొత్తంలో మస్తు ఐడియా అదే, రేసు కాదు. గ్లాసులో నీళ్లంటే చవకైన యాక్సెలరోమీటర్. కారు మలుపు తిరిగితే నీటి మట్టం బయటి వైపు లేస్తుంది. ఎంత వాలుతుందంటే, ఆ కోణం ట్యాంజెంట్ విలువ పక్క త్వరణాన్ని గురుత్వ త్వరణంతో భాగిస్తే వచ్చేంత. పక్క త్వరణం కావాలంటే వేగాన్ని వర్గం చేసి వ్యాసార్థంతో భాగించాలి. ఇంటర్ ఫస్టియర్ ఫిజిక్స్, అంతే.

లెక్క కోసం 30 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపు అనుకుందాం. గంటకి 30 కి.మీ. వేగం అంటే సెకనుకి 8.3 మీటర్లు. పక్క త్వరణం సుమారు 2.3, అంటే గురుత్వంలో దాదాపు నాలుగో వంతు. నీళ్లు 13 డిగ్రీలు వాలతాయి. 7 సెంటీమీటర్ల వెడల్పు గ్లాసులో ఒక పక్క 8 మిల్లీమీటర్లు లేస్తాయి. నిండా పోయకపోతే ఒలకవు. ఇప్పుడు అదే మలుపులో 60. వేగం రెండింతలు, త్వరణం నాలుగింతలు. నీళ్లు 43 డిగ్రీలు వాలి, మూడు సెంటీమీటర్ల పైన లేస్తాయి. గ్లాసు సంగతి వదిలేయండి, టైరుకే 0.94 ఘర్షణ గుణకం కావాలి. మామూలు టైరుకి పొడి తారు రోడ్డు మీద దొరికేది 0.7 ప్రాంతంలో, వాన పడితే 0.4 అనుకోండి. అంటే ఏ వాలూ లేని ఆ మలుపులో పొడిగా ఉంటే 52 దగ్గర, తడిగా ఉంటే 39 దగ్గర కారు జారిపోతుంది. టకుమికి సిమెంటు గాడి అవసరం పడింది ఇందుకే. ఘర్షణ ఇవ్వలేని బలాన్ని గాడి గోడ ఇచ్చింది. ఐడియాలో తప్పేం లేదు. కానీ మన ఘాట్ల పక్క కాలువ రాళ్లతో, ఆకులతో, చిప్స్ ప్యాకెట్లతో నిండి ఉంటుంది. అందులో టైరు పెడితే తర్వాతి సీన్‌లో ట్రాక్టరూ తాడూ కనిపిస్తాయి.

ఇక సెకండాఫ్. సివిల్ వాళ్లు హైవే ఇంజనీరింగ్‌లో చదివే ఫార్ములా గుర్తుందా? రోడ్డు పక్కవాలు ప్లస్ పక్క ఘర్షణ ఈక్వల్ టు, వేగం వర్గం బై 127 ఇంటు వ్యాసార్థం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఆ ఘర్షణ విలువని 0.15 మాత్రమే తీసుకోమంటుంది. మంచు పడని కొండ రోడ్డుకి పక్కవాలు ఎక్కువలో ఎక్కువ 10 శాతం. రెండూ కలిపితే 0.25. మన 30 మీటర్ల మలుపుకి వచ్చే వేగం దాదాపు 31 కి.మీ. అదే వాలుతో, 0.7 ఘర్షణ మొత్తం వాడేస్తే 55 వరకు పోవచ్చు.

పరీక్షకి చదివినప్పుడు నాకు ఇది వింతగా అనిపించేది. రోడ్డు 0.7 ఇస్తుంటే 0.15 ఎందుకు తీసుకోవాలి? ఇంజనీర్లకి అంత భయమా? ఇప్పుడు ఆ ఎపిసోడ్ చూశాక ఆ 31కీ 55కీ మధ్య ఉన్న ఖాళీ ఎవరిదో అర్థమైంది. అది అరిగిన టైరుది. ముందు పోయిన ట్రాక్టర్ రాల్చిన ఇసుకది. తాండూరు బండలు నింపుకుని దిగుతున్న లారీ బ్రేకులది. సీటు దొరక్క కడ్డీ పట్టుకుని నిలబడ్డ అవ్వది. వెనక ఇద్దరు పిల్లల్ని ఎక్కించుకుని పోయే బైకుది. వీళ్లలో ఎవరు ఎక్కడ తప్పు చేసినా, ఏది ఎక్కడ ఫెయిలైనా, ఆ మిగులు లోంచి వాడుకుని బతకాలి. రేసు అంటే ఏంది? ఆ మిగులు మొత్తాన్ని ఒక్కడు ముందే ఖర్చు పెట్టేయడం. పోనీ అది వాడిదేనా? కాదు, అందరి పేరు మీద వేసిన డిపాజిట్.

సీరియల్‌లో ఈ సంగతి మనకి గుర్తు రాదు, ఎందుకంటే రోడ్డు ఖాళీ. కొండ కింద, కొండ మీద కుర్రాళ్లు నిలబడి ఎదురు బండ్లు లేకుండా చూస్తుంటారు. కథలో డైలాగులన్నీ కార్ల గురించి, కానీ కథని నడిపించేది ఆ ఖాళీ రోడ్డే. మన వైపు అర్ధరాత్రి మూడు గంటలకి కూడా అలాంటి రోడ్డు దొరకదు. సిమెంటు ఫ్యాక్టరీలు, బండల పాలిషింగ్ యూనిట్లు ఉన్న ఊరికి లారీలు రాత్రే వస్తాయి, పోతాయి.

రేసర్లు పట్టుకునే లైన్ ఇంకా ముఖ్యం. బయటి అంచు నుంచి మలుపులోకి వచ్చి, లోపలి అంచుని తాకి, మళ్లీ బయటి అంచుకి పోతారు. 7 మీటర్ల రోడ్డు మొత్తం వాడుకుంటే 90 డిగ్రీల మలుపులో 30 మీటర్ల వ్యాసార్థం దాదాపు 45 అవుతుంది. వేగం ఐదో వంతు పెరుగుతుంది. బ్రహ్మాండం. కానీ ఆ అదనపు 15 మీటర్లు ఎక్కడి నుంచి వచ్చాయి? ఎదురుగా వచ్చే వాడి లేన్ లోంచి. తాండూరు నుంచి వచ్చే బస్సు సరిగ్గా అక్కడే ఉంటుంది, తన పక్కన తాను.

ఆ బస్సు కనబడదా అంటే, కనబడదు. లోపలి వైపు కొండ అంచు మీ దారికి 5 మీటర్ల దూరంలో ఉందనుకోండి. 30 మీటర్ల మలుపులో ముందుకి కనిపించేది దాదాపు 35 మీటర్లు. రోడ్స్ కాంగ్రెస్ పట్టికలో గంటకి 30 కి.మీ. వేగానికి ఆగడానికి కావాల్సిన దూరం 30 మీటర్లు. 60కి అయితే 80 మీటర్లు. 31 దగ్గర డిజైన్ వేగం వచ్చింది, 30 దగ్గర చూపు సరిపోయింది. రెండు వేర్వేరు లెక్కలు ఒకే చోటికి వచ్చి నిలబడ్డాయి చూడండి. 60లో పోయేవాడు 35 మీటర్లు చూస్తూ 80 మీటర్లు కావాల్సిన పని చేస్తున్నాడు. మిగతా 45 మీటర్లలో ఎవరూ లేరని నమ్మడమే, చూడటం కాదు. ఎదుటి బండి కూడా మన వైపే వస్తుంటుంది కాబట్టి నిజానికి ఇద్దరి దూరాలూ కలపాలి. టకుమి ఎంత గొప్ప డ్రైవరైనా ఈ లెక్క మారదు. నైపుణ్యం ఘర్షణని బాగా వాడగలదు, కొండ అవతలికి చూడలేదు.

అలాగని రేసంటేనే పాపం అనే మాట నాకు నచ్చదు. చట్టం కూడా అలా అనలేదు. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ తప్పు అనేది రాష్ట్ర ప్రభుత్వం రాతపూర్వక అనుమతి లేకుండా బహిరంగ స్థలంలో పెట్టే రేసుని. 2019 సవరణ తర్వాత మొదటిసారి దొరికితే మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే ఏడాది వరకు జైలు, 10,000 వరకు జరిమానా. అనుమతితో రేసు ఎలా ఉంటుందో అదే 2023లో, ఫిబ్రవరి 11న, హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ జరిగినప్పుడు చూశాం. 2.8 కి.మీ. ట్రాక్, 18 మలుపులు, రెండు పక్కలా సిమెంటు గోడలు, పైన జాలీ. రోడ్లు మూసేశారు, నగరమంతా ట్రాఫిక్‌లో ఇరుక్కుని తిట్టుకుంది. ఆ తిట్లు న్యాయమే కావచ్చు, కానీ రోడ్డుని రేసుకి ఇవ్వాలంటే అయ్యే ఖర్చు అది. అంత ఖర్చు పెట్టినా చాలదు కొన్నిసార్లు. ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో 1911 నుంచి రోడ్లు మూసేసి కొండ దారిలో బైక్ రేసులు పెడుతున్నారు. ఆ దారి మీద ఇప్పటిదాకా 260 మందికి పైగా చనిపోయారు.

సీరియల్‌లోని ఆ కొండకి మూలం జపాన్‌లోని హరునా. సీరియల్ చూసి వచ్చే వాళ్ల గొడవ తట్టుకోలేక అక్కడ మలుపుల్లో రోడ్డు మీద అడ్డంగా గడ్డలు వేశారు. కథ పుట్టిన రోడ్డు మీదే ఆ కథ నడవకుండా చేశారు!

ఇక తాండూరు బస్సు అన్నాను కదా. 2025 నవంబర్ 3న పొద్దున తాండూరు డిపో బస్సు హైదరాబాద్ వస్తుంటే, చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పర్ ఢీకొట్టింది. కంకర బస్సులోకి కూలింది. 19 మంది చనిపోయారు. సోమవారం పొద్దున బస్సు అది. మన వైపు పిల్లలు ఆదివారం ఇంట్లో ఉండి, టిఫిన్ డబ్బా సర్దుకుని, మళ్లీ హాస్టల్‌కి వచ్చే బస్సు. ఆ పూట ఎవరెవరు ఎక్కారో తెలిసేదాకా వికారాబాద్, తాండూరు వైపు ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. అది ఘాట్ కాదు, అక్కడ రేసు లేదు. మర్రిచెట్ల మధ్య రెండు లేన్ల రోడ్డు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కి.మీ. వెడల్పు చేసే పని ఏళ్లుగా సాగుతూ ఉండిపోయిన రోడ్డు. చెట్లు కొట్టాలా, కాపాడాలా అనే వాదన వేరే వ్యాసానికి సరిపడా ఉంది, ఇక్కడ ఎత్తను. నేను చెప్పేది ఒక్కటే. ఎవడూ సరదాకి ఖర్చు పెట్టకుండానే మన రోడ్ల మీద మిగులు ఇంత సన్నంగా ఉంది. ఆ రోడ్డు మీద నుంచి వచ్చిన బండ్లే ఆదివారం అనంతగిరి ఎక్కుతున్నాయి.

మా వాడికి ఇదంతా చెప్తే, "అయితే గ్లాసు పెట్టుకుని చూద్దాం, అది ఫ్రీ కదా" అన్నాడు. నిజమే, ఎవరైనా చేయొచ్చు. షరతు ఏందంటే మీరు నడపకూడదు, ప్యాసింజర్‌గా కూర్చోవాలి. సాఫీ గోడ ఉన్న నీళ్ల సీసా సగం నింపి, మట్టం దగ్గర పెన్‌తో గీత గీయండి. దానికి అర సెంటీమీటర్ పైన ఇంకో గీత. ఆరున్నర సెంటీమీటర్ల వెడల్పు సీసా అయితే ఆ పై గీత లెక్క ప్రకారం 0.15. పుస్తకంలో ఉన్న నంబరే. వికారాబాద్ నుంచి తాండూరు బస్సెక్కి, సీసాని కిటికీ పక్కన నిటారుగా పట్టుకుని ఘాట్ దాటండి.

నేను మూడు ట్రిప్పులు చూశాను. డ్రైవరన్నలు ముగ్గురూ వేరు. మలుపుల్లో నీళ్లు పై గీతకి కొంచెం కింద దాకా వచ్చి, దిగిపోయేవి. ఒక్కసారే దాటాయి, అదీ పక్కకి కాదు, ముందుకి. కోతి అడ్డం వచ్చింది.