సంకల్పంలో మీ ఊరి అడ్రస్ ఉంది... ఎప్పుడైనా గమనించారా?



వినాయక చవితికో, సత్యనారాయణ వ్రతానికో పంతులుగారు సంకల్పం చెప్పిస్తారు కదా. ఆయన చెప్పమన్నప్పుడు "మమ" అనేసి ఊరుకుంటాం. ఆ గబగబా సాగే మాటల్లో మన తెలుగు నేల మీద కృష్ణ, గోదావరి పేర్లు వస్తాయి. శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నాం, ఏ నదుల మధ్య కూర్చుని పూజ చేస్తున్నాం అని దేవుడికి చెప్పుకోవడం అన్నమాట. జీపీఎస్ లేని రోజుల్లో మన పెద్దలు పెట్టిన లొకేషన్ ఇది!

ఒక ఊరిని తీసుకుని చూద్దాం.

రఘునాథపల్లి ఎవరి బిడ్డ?

హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్తుంటే జనగామ దాటాక వచ్చేది రఘునాథపల్లి. మ్యాప్‌లో శ్రీశైలానికి దాదాపు ఉత్తరాన ఉంటుంది. ఊరి పక్కన పెద్ద నది ఏదీ లేదు. ఇక్కడ పడిన వాన వాగుల్లో కలిసి, చివరికి కృష్ణమ్మనే చేరుతుంది. మరి గోదావరి? ములుగు జిల్లా గంగారం దగ్గర నీళ్లను మోటార్లతో ఎత్తి, దేవాదుల పథకం ద్వారా ఈ మెట్ట ప్రాంతానికి తెస్తున్నారు. పక్కనే ఉన్న స్టేషన్ ఘన్‌పూర్ రిజర్వాయర్‌లోకి వచ్చేవి ఆ నీళ్లే. అంటే సంకల్పంలోని రెండు నదులూ ఈ నేలకు చుట్టాలే.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లూ నవ్వకండి! నాగార్జునసాగర్ నుంచి కృష్ణ, ఎల్లంపల్లి నుంచి గోదావరి మీ నల్లాల్లోకి వస్తున్నాయి.

పేర్ల వెనక కథ

- గోదావరి: నాసిక్ దగ్గర త్రయంబకంలో పుట్టి, 1,465 కిలోమీటర్లు ప్రవహిస్తుంది. గౌతమ మహర్షి విసిరిన దర్భ తగిలి ఒక ఆవు చనిపోయిందట. ఆ దోషం పోవడానికి ఆయన తపస్సు చేసి గంగను రప్పించారు. 'గో'వుకు ప్రాణం పోసింది కాబట్టి గోదావరి, గౌతముడు తెచ్చాడు కాబట్టి గౌతమి.
- ప్రాణహిత: వార్ధా, వైన్‌గంగ కలిస్తే ప్రాణహిత. గోదావరి ఉపనదుల్లో అతి పెద్దది. పేరులోనే ఉంది చూడండి, ప్రాణానికి హితం చేసేది!

కాళేశ్వరం: మూడో నది ఎక్కడ?

రఘునాథపల్లి నుంచి హనుమకొండ, పరకాల, భూపాలపల్లి మీదుగా వెళ్తే కాళేశ్వరం వస్తుంది. గోదావరి, ప్రాణహిత కలిసేది ఇక్కడే. కంటికి కనిపించకుండా సరస్వతి కూడా కలుస్తుందని నమ్మకం. అందుకే త్రివేణి సంగమం. గుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు ఉంటాయి. ఒకటి కాళేశ్వరుడు, అంటే యముడు. రెండోది ముక్తేశ్వరుడు, అంటే శివుడు. కాలం ఎదురుగా ఉన్నా పక్కనే ముక్తి ఉందని ఆ పానవట్టమే చెబుతోంది.

పుష్కరాలు బృహస్పతి రాశి మారడాన్ని బట్టి వస్తాయి. మీనంలో ప్రవేశిస్తే ప్రాణహితకు (2022), మిథునంలో ప్రవేశిస్తే సరస్వతికి (2025), సింహంలో ప్రవేశిస్తే గోదావరికి (2027).

ఇప్పుడు అసలు మాట

"కనిపించని నదికి దండం ఎందుకు?" అని చాలామంది అడుగుతారు. మంచి ప్రశ్నే. కానీ కనిపించే నదికి మనం ఏం చేస్తున్నాం? స్నానం చేసి తడిబట్టలు, షాంపూ ప్యాకెట్లు, ప్లాస్టిక్ కవర్లు అక్కడే వదిలేస్తే, పొద్దున తల్లి అని పిలిచిన నోటికి విలువేముంటుంది? 2027లో గోదావరికి వెళ్లేవాళ్లు మూడు పనులు చేయండి:

1. తెచ్చిన కవర్ తిరిగి తీసుకెళ్లండి.
2. లోతు తెలియని చోట దిగకండి. కట్టిన ఘాట్‌లోనే మునగండి.
3. వెళ్లలేకపోతే ఇంట్లో స్నానం చేసేటప్పుడు ఏడు నదుల పేర్లు తలుచుకోండి: గంగ, యమున, గోదావరి, సరస్వతి, నర్మద, సింధు, కావేరి. తలుచుకుంటూ నల్లా కట్టేయడం మర్చిపోవద్దు!

ఈసారి సంకల్పంలో కృష్ణా గోదావరుల పేర్లు వినిపించినప్పుడు ఒక్క క్షణం ఆగండి. మీరు తాగిన నీళ్లకు థాంక్స్ చెప్పే క్షణం అదే.

గోదావరీ మాతకు జై!