బొమ్మల పుస్తకములలో శరదృతువు

అక్షరములు రాని శిశువునకు బొమ్మయే తొలి పాఠము. చూడనిదానిని చూపుటయు, చూచినదానిని మరల పరికింపజేయుటయు బొమ్మల పుస్తకము చేయు రెండు మేళ్లు. మొదటిది రెండవదానిని మ్రింగివేయకుండ చూచుకొనుట ఉపాధ్యాయుల విధి. తమిళనాట పెరుగుచున్న మన తెలుగు పిల్లల విషయమున ఈ సంగతి మాకు ఒకనాడు బాగుగ తెలిసివచ్చినది.

కార్తికమాసమున శిశుతరగతిలో శరదృతువు బొమ్మ వేయుడని చెప్పితిమి. ఇంచుమించు అందఱును ఎఱ్ఱని ఆకులు రాలుచున్న చెట్టునే వేసిరి. కిటికీ వెలుపల జోరున వాన కురియుచుండెను. వేపచెట్టు పచ్చగా తడిసి నిలిచియుండెను.

ఆ ఎఱ్ఱని చెట్టు పుస్తకములనుండి వచ్చినది. అమెరికా రచయిత్రి లోయిస్ ఎలర్ట్ 1991లో వెలువరించిన ‘రెడ్ లీఫ్, యెల్లో లీఫ్’ ఒక మేపుల్ చెట్టు కథ. 2005 నాటి ‘లీఫ్ మాన్’లో ఆమె రాలిన ఆకులనే పేర్చి మనిషిని, పక్షులను, పశువులను రూపొందించెను. జూలియా రాలిన్‌సన్ రచించిన ‘ఫ్లెచర్ అండ్ ది ఫాలింగ్ లీవ్స్’ (2006)లో ఒక నక్కపిల్ల తన చెట్టుకు జబ్బు చేసినదని దిగులుపడి, రాలిన ఆకులను మరల కొమ్మకు తగిలింపజూచును. ఇవి మంచి పుస్తకములు. తమ దేశముల విషయమున సత్యములు. అచ్చట ఆ కాలమున పగళ్లు కుఱుచయై రాత్రులు చల్లబడగా, ఆకులోని పత్రహరితము నశించును; దానిచాటున దాగియున్న పసుపు బయటపడును. ఎఱుపు మాత్రము పెక్కు చెట్లలో అప్పుడే క్రొత్తగా పుట్టును. తుదకు తొడిమ మొదట ఒక పొర ఏర్పడి ఆకు రాలిపోవును.

చిక్కు మాటలో నున్నది. ఇంగ్లీషు ‘ఆటమ్’ను మనము శరత్తని తర్జుమా చేయుచున్నాము. తమిళమున దానిని ‘ఇలైయుదిర్ కాలం’, అనగా ఆకులు రాలు కాలము, అందురు. బిడ్డ ఈ మూడును ఒకటే యనుకొనును. కాని మన శరత్తు ఆశ్వయుజ కార్తికములు: తేరిన నీరు, నిర్మలమైన వెన్నెల, తెల్లని రెల్లుపూలు, దసరా, దీపావళి. ఆకురాలుట మనకు శిశిరమున, మాఘ ఫాల్గుణములలో. ఇంతేకాదు, మన కావ్యముల శరత్తు సైతము ఈ తీరమున పూర్తిగా కానరాదు. ఈశాన్య ఋతుపవనపు వానలు ఇచట అప్పుడే కురియును.

ఇంటి వెలుపల తెలుగు అంతగా వినబడని పిల్లలకు ఈ పొరపాటువలన రెండు నష్టములు. తెలుగుమాట అనుభవము లేని వట్టి తర్జుమాగా మిగులును. అంతకుమించి, పుస్తకముకొఱకు తన కన్నులనే కాదనుట బిడ్డకు అలవడును.

ఆ పుస్తకములను మానివేయవలెనని మా అభిప్రాయము కాదు. చూపునపుడు, ఇది ఫలాని దేశపు చెట్టు అని గోళముపై ఆ చోటు చూపవలెను. పిమ్మట పిల్లలచేతనే ఒక పుస్తకము చేయింపవలెను. బడి ఆవరణలోని ఒక్క చెట్టును ఎన్నుకొని, నెలకొకసారి దాని బొమ్మ వేయించి, క్రింద తెలుగు నెల పేరు వ్రాయింపవలెను. ఆ నెల పండుగ ఏదో ఇంట అమ్మమ్మనో నాయనమ్మనో అడిగి రమ్మనవలెను. బాదముచెట్టు దొరికినచో మరియు మేలు. శిశిరమున దాని ఆకులు చక్కగా ఎఱ్ఱబడి రాలును. వానిని ఏరి, ‘లీఫ్ మాన్’వలెనే పిల్లలు బొమ్మలు కూర్చుకొనవచ్చును.

మేము ఈ విధముగా ఒక పుస్తకము ప్రారంభించితిమి. అందు కార్తికమాసపు పుటలో ఇప్పుడు వేపచెట్టు పచ్చగానే యున్నది. దానిపై వాన కురియుచున్నది. ప్రక్క ఇంటి గడపలో ఒక దీపము వెలుగుచున్నది.