బ్రేక్ పెడల్ అదిరితే కాలు తీయొద్దు

ప్రశ్న: కల్హేర్ నుంచి నాందేడ్ హైవే ఎక్కాక బర్రె అడ్డం వచ్చింది. గట్టిగా బ్రేక్ తొక్కితే పెడల్ గడగడలాడింది. భయపడి కాలు తీసేశాను. బ్రేక్ చెడిపోయిందా?

జవాబు: చెడిపోలేదు, ఏబీఎస్ పనిచేసింది. చక్రం బిగుసుకుపోకుండా సెకనుకు చాలాసార్లు బ్రేక్‌ను వదిలి పడుతుంది. ఆ అదురే మీ కాలికి తగిలింది. కాలు తీస్తే ఆగాల్సిన బండి ముందుకే పోతుంది. పాత డ్రైవర్లు నేర్పిన 'కొట్టి కొట్టి వదలడం' ఏబీఎస్ లేని బండ్లకే. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నింటికీ ఏబీఎస్ తప్పనిసరి. అది ఉంటే బ్రేక్, క్లచ్ రెండూ అడుగుదాకా తొక్కి, బండి ఆగేదాకా పట్టి ఉంచండి. చక్రాలు తిరుగుతూనే ఉంటాయి కాబట్టి స్టీరింగ్ మాట వింటుంది. అలాగని ఒక్కసారిగా తిప్పేయకండి, బర్రె తప్పినా ఎదురు లారీ తప్పదు.

గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఒక్క సెకను ఆలస్యమైతే బ్రేక్ పడకముందే 22 మీటర్లు దాటిపోతారు. పొడి రోడ్డు మీద ఆగడానికి మరో 35 మీటర్ల పైనే కావాలి. వేగం రెట్టింపైతే ఈ రెండో దూరం నాలుగింతలు.

మన దగ్గర ఇంకో తిప్పలుంది. కోతలప్పుడు రోడ్డు మీద వడ్లు, మక్కలు ఆరబోస్తారు. గింజల మీద టైరుకు పట్టుండదు, ఏబీఎస్ కూడా ఏమీ చేయలేదు. కుప్ప కనబడగానే ముందే వేగం తగ్గించండి.

అన్నట్టు, డ్రైవర్ సీటు కింద నీళ్ల సీసా పెట్టకండి. దొర్లి పెడల్ కింద చేరితే బ్రేకే పడదు.