కట్టె గ్యాసు బేరంలో తేమ లెక్క

కట్టెల వర్తకంలో ధర కాటా మీద తేలుతుంది. గ్యాసిఫయర్ నడిపే కొనుగోలుదారుకు కాటా చెప్పేది సగం సంగతే. మిగతా సగం కట్టెలోని తేమలో ఉన్నది.

గ్యాసిఫయర్‌లో కట్టెను పూర్తిగా మండనివ్వరు. కిలో ఎండుకట్టె పూర్తిగా మండడానికి సుమారు 6 కిలోల గాలి కావాలి. ఇక్కడ అందులో మూడో వంతుకు మించి ఇవ్వరు. ఆ అరకొర మంటలో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్, కొద్దిపాటి మిథేన్ పుట్టి ఇంజనును నడిపిస్తాయి. గ్యాసులో దాదాపు సగం గాలితో వచ్చిన నత్రజనే. దానికి ఏ ధరా పలకదు.

ఏ కట్టెకు ఎంత గ్యాసు వస్తుందో ఇంజనీర్లు ముందే కట్టే లెక్కను నమూనా అంటారు. ఇది వర్తకుని జమాఖర్చు వంటిదే. కట్టె, తేమ, గాలి జమ. గ్యాసు, బూడిద, పోయిన వేడి ఖర్చు. రెండు పక్కలూ సరిపోవలసిందే.

కిలో ఎండుకట్టెలో సుమారు 4,300 కిలో కేలరీల వేడి ఉంటుంది. తేమ 20 శాతమైతే, నీటిని ఆవిరి చేయడానికి పోయింది పోగా కిలోకు నికరంగా 3,320 మిగులుతుంది. 40 శాతమైతే 2,350 మాత్రమే. మొదటి రకం టన్ను 3,000 రూపాయలనుకుంటే రెండవదాని విలువ 2,120 దాటదు. లారీ కిరాయి మాత్రం రెండింటికీ ఒక్కటే.

ఇక అమ్మకందారు వైపు చూడాలి. 40 శాతం తేమ గల 100 టన్నుల సరుగుడును 20 శాతానికి ఆరబెడితే 75 టన్నులవుతుంది. కాటాలో పాతిక టన్నులు తరుగు; వేడి మాత్రం నూటికి ఆరు వంతులు పెరిగింది! ఒట్టి తూకంపై బేరమైతే ఆరబెట్టినవాడికే నష్టం. ధాన్యం సేకరణలో తేమకు 17 శాతం హద్దు ఉన్నట్లే ఈ బేరాలలోనూ ఒక హద్దు, దాని పైన కోత, దిగువన అదనపు ధర రాసుకోవడం ఇద్దరికీ మేలు. చాలా గ్యాసిఫయర్లకు 20 శాతం లోపు కట్టె కావాలి. తడి ఎక్కువైతే మంట చల్లబడి తారు పెరుగుతుంది, ఇంజను వాల్వులు పట్టేస్తాయి.

నమూనాను గుడ్డిగా నమ్మరాదు. రసాయన చర్యలన్నీ పూర్తయి సమతౌల్యానికి వచ్చాయనుకుని కట్టే మామూలు లెక్కలో తారు కనిపించదు. హైడ్రోజన్ ఉన్నదానికన్నా ఎక్కువగా, మిథేన్ తక్కువగా తేలుతుంది. యంత్రం కొనేవారు తమ కట్టెతోనే నడిపించి చూడాలి.

తేమ తేల్చడానికి మచ్చును 105 డిగ్రీల వద్ద తూకం నిలిచేదాకా ఆరబెడతారు. దళారులు జాగ్రత్త పడవలసింది శాతం దగ్గర. మొత్తం తూకంపై 40 శాతమన్నదే ఎండు సరుకుపై లెక్కిస్తే సుమారు 67 శాతమవుతుంది. ఏ లెక్కో కాంట్రాక్టులో ఉండాలి.