మామ్మ ఫోనుకి లాక్ లేదు

చెల్లెళ్ళూ, ఈసారి నాకొచ్చిన ఉత్తరాల్లోనూ ఫోన్లలోనూ ఒకటే గోల. "అక్కా, కంప్యూటరుకి టైము పెట్టాను, ఫోనులో లాక్ యాప్ వేయించాను, అయినా వీడు రాత్రి పన్నెండింటికి ఎలా ఆడుతున్నాడో అంతు చిక్కట్లేదు" అని. మా నిడదవోలు రైల్వే గేటు దగ్గర కూరలు బేరమాడుతూ ఒకావిడా ఇదే మాట, డాలస్‌లో కాపరమున్న మన గోదావరి పిల్లా ఇదే మాట.

ముందో సంగతి చెప్పనివ్వండి. మీ పిల్లాడు అదేదో ప్రత్యేకమైన గడుగ్గాయేం కాదు. మన రాష్ట్రంలో లక్షల మంది పిల్లల మీద ఈ తాళం వేసి చూశారు, నిలబడలేదు. 2022 డిసెంబరు 21న ప్రభుత్వ బళ్ళల్లో ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబులు ఇవ్వడం మొదలైంది, గుర్తుందా? అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి గారు బాపట్ల జిల్లా యడ్లపల్లిలో మొదలుపెట్టారు. నాలుగున్నర లక్షలకు పైగా పిల్లలకీ, వాళ్ళ మేష్టర్లకీ కూడా. బైజూస్ పాఠాలు లోపలే వేసిచ్చారు. పాఠాలు తప్ప ఇంకోటి రాకుండా తాళంలాంటి సాఫ్ట్‌వేరూ వేశారు. ఇంతా చేస్తే కొన్నాళ్ళకే పేపర్ల నిండా వార్తలు, పిల్లలు లాకులు తీయించేసి యూట్యూబులూ గేములూ చూస్తున్నారని. మరుసటి ఏడు రెండో విడత పంచేనాటికి దానిమీద రాజకీయంగా పెద్ద వాదులాటే నడిచింది. ఆ రాజకీయం మనకొద్దు. మనకి కావలసింది, తాళం ఎలా ఊడిందీ అన్నది.

ఊడటం ఏముందమ్మా. ఫోన్లకీ ట్యాబులకీ ఫ్యాక్టరీ రీసెట్ అని ఒకటుంటుంది. పక్కనున్న బొత్తాలు రెండు మూడు కలిపి కాసేపు నొక్కి పట్టుకుంటే, లోపలున్నదంతా తుడిచిపెట్టుకుపోయి కొట్లోంచి తెచ్చిన రోజులా అవుతుంది. పైపైన వేసిన తాళమైతే దాంతోపాటే పోతుంది. సొంతంగా చేతకాని పిల్లాడికి సెల్ షాపులో అన్నయ్య ఉండనే ఉన్నాడు. ఇందులో నాకు కనిపించేదల్లా ఒకటే. ఆ తాళం ఎక్కడో ఆఫీసులో కూర్చున్నవాళ్ళు వేశారు. ఇంట్లో అమ్మకి తాళం ఉందనీ తెలీదు, ఊడిందనీ తెలీదు. మనం ఇంట్లో వేసేవీ చాలావరకు ఇలాంటివే సుమా. మరిది చేతో, పక్కింటి ఇంజనీరింగ్ కుర్రాడి చేతో వేయించి, మళ్ళీ దాని మొహం చూడం.

పూర్వం ఈ బాధ లేదు. స్టేషను రోడ్డులో నెట్ సెంటర్లున్న రోజుల్లో గంటకి పదిహేనో ఇరవయ్యో తీసుకునేవాళ్ళు. జేబులో డబ్బులైపోతే ఆటా అయిపోయేది. పైగా ఆ కొట్టాయన మనాళ్ళకి తెలిసినవాడై ఉండేవాడు. "బాబూ, మీ నాన్నగారు ఇటే వస్తున్నట్టున్నారు" అంటే చాలు, సైకిలెక్కేవాళ్ళు. ఏ సాఫ్ట్‌వేరైనా ఆయన ముందు దిగదుడుపే.

సరే, ఇప్పుడు పిల్లల విద్యలు చెప్పుకుందాం. ఈ పేజీ పిల్లల కంటపడుతుందని దాచక్కర్లేదు, వాళ్ళకివన్నీ వచ్చే ఉంటాయి. రానిది మనకే.

మొదటిది గడియారం. లాప్‌టాప్‌లో సాయంత్రం ఏడింటికి ఆగిపోవాలని మీరు పెడతారు. వాడు గడియారాన్ని నాలుగుకి తిప్పుతాడు. కొత్తరకం సాఫ్ట్‌వేర్లు టైముని ఇంటర్నెట్ నుంచి తీసుకుంటాయి కాబట్టి మోసపోవు గానీ, పాతవి పోతాయి. పిల్లాడికి అడ్మినిస్ట్రేటర్ హక్కు లేని వేరే అకౌంటు చేసిచ్చారనుకోండి, విండోస్‌లో తేదీ, టైము మార్చబోతే మీ పాస్‌వర్డే అడుగుతుంది. దీనికి పది నిమిషాల పని. చాలామంది ఇళ్ళల్లో లాప్‌టాప్‌కి ఉన్నది ఒక్కటే అకౌంటు, దానికి పాస్‌వర్డు పిల్లాడే పెట్టి ఉంటాడు, అమ్మే వాణ్ణి అడగాలి.

రెండోది పక్కదారి. యూట్యూబ్ యాప్‌కి అరగంట అని పెట్టారు. యూట్యూబ్ క్రోమ్‌లోనూ వస్తుందని మీకు తట్టలేదు. వాట్సాప్‌లో ఫ్రెండు పంపిన లింకు అక్కడికక్కడే ఆడుతుంది. హాల్లో గోడకున్న స్మార్ట్ టీవీకయితే లాక్ గోలే లేదు. డాలస్ పిల్ల చెప్పింది, అక్కడ బళ్ళో ఇచ్చే క్రోమ్‌బుక్కుల్లో కబుర్లు చెప్పుకునే యాప్‌లన్నీ కట్టేస్తే, పిల్లలు గూగుల్ డాక్స్‌లో ఒక ఫైలు తెరిచి, హోంవర్కు రాస్తున్నట్టే అందులో కబుర్లాడుకుంటారట. నవ్వాలో ఏడవాలో తెలీలేదంది. నేనైతే నవ్వేను.

మన దగ్గర అందరూ వాడే ఫోన్లలో కొన్నిటికి సెకండ్ స్పేస్ అని ఒకటుంది. ఒకే ఫోనులో రెండు కాపరాలన్నమాట. ఒక పాస్‌వర్డు కొడితే బుద్ధిమంతుడి ఫోను, ఇంకోటి కొడితే అసలు ఫోను. కాలిక్యులేటర్‌లా కనిపించి, అంకె కొట్టగానే లోపల దాచినవన్నీ తెరుచుకునే యాప్‌లూ ఉన్నాయి. ఫోనులో రెండు కాలిక్యులేటర్లు కనిపిస్తే లెక్కల మీద ఇష్టమనుకుని మురిసిపోకండి. ఇక పుట్టిన ఏడు మార్చి కొత్త జీమెయిల్ తెరవడమైతే ఐదో తరగతి విద్య.

మన పిన్ను నంబరు వాళ్ళకెలా తెలుస్తుందంటారా? మనమే చెప్తాం. "ఇంకో పది నిమిషాలే" అని వాడి ముందే నొక్కుతాం కదా. స్క్రీన్ రికార్డింగు పెట్టి ఫోను మన చేతికిచ్చే ఘనులూ ఉన్నారు. మన వేళ్ళ జిడ్డు అద్దం మీద చారలు కడుతుంది, వెలుతురుకి పెడితే ప్యాటర్న్ ఏదో తెలిసిపోతుంది. మధ్యాహ్నం భోంచేసి కునుకు తీస్తున్న నాన్న బొటనవేలు సంగతి వేరే చెప్పాలా!

ఇవన్నీ ఒకెత్తు, మామ్మ ఫోను ఒకెత్తు. ఆవిడ ఫోనుకి లాకుండదు, ఉన్నా నాలుగు సున్నాలు. కొడుకు హైదరాబాదు నుంచో అమెరికా నుంచో వీడియో కాల్ చేస్తాడని మంచి ఫోనే కొనిచ్చుంటాడు, నెలకి సరిపడా డేటా వేయించి. ఆవిడకి అందులో కావలసింది ప్రవచనాలూ, సత్తెమ్మ తల్లి గుడి ఫొటోలూ. మిగతా డేటా అంతా మనవడిదే. "పోన్లేవే, పసివాడు, కాసేపు చూస్తాడు" అంటుంది. మీరు ఎంత గట్టి తాళం వేసినా తాళంచెవి ఆవిడ దిండు కింద ఉంది.

ఇది మన ఒక్క ఊరి గొడవనుకున్నారేమో. దక్షిణ కొరియాలో 2011 నవంబరులో ఏకంగా చట్టమే తెచ్చారు, పదహారేళ్ళలోపు పిల్లలు అర్ధరాత్రి నుంచి పొద్దున్న ఆరింటిదాకా ఆన్‌లైన్ గేములు ఆడకూడదని. పిల్లలు అమ్మానాన్నల గుర్తింపు నంబర్లతో లోపలికి వెళ్ళిపోయారు. పదేళ్ళు చూసి, 2022 జనవరితో ఆ చట్టం ఎత్తేశారు. చైనా ఇంకా గట్టిది. 2021 సెప్టెంబరు నుంచి పద్దెనిమిదేళ్ళలోపు వాళ్ళకి శుక్ర, శని, ఆదివారాలూ, సెలవు రోజులూ మాత్రమే, అదీ రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిదిదాకా. మొహం చూపిస్తే గానీ ఆట తెరుచుకోని ఏర్పాటు కూడా గేము కంపెనీలు పెట్టాయి. అక్కడా తాతలూ మామ్మలూ పేర్లిచ్చేరు, మొహాలిచ్చేరు. మన దగ్గర 2020 సెప్టెంబరులో పబ్‌జీ ఆపేశారు కదా, మరుసటి ఏడు అదే ఆట బీజీఎంఐ అని కొత్త పేరుతో వచ్చింది. పద్దెనిమిది దాటని పిల్లలైతే రోజుకి మూడు గంటలే, పెద్దవాళ్ళ ఫోనుకి ఓటీపీ వస్తే గానీ మొదలవదు అన్నారు. ఆ పెద్దవాళ్ళ ఫోను ఆ టైములో ఎవరి చేతిలో ఉంటుందో ఆలోచించారో లేదో మరి.

ఇంకొకటి కూడా చూడండి. మన డెల్టాలో ఎండాకాలం కాలువలు కట్టేస్తారు. బళ్ళకి సెలవులిచ్చేదీ ఇంచుమించు అప్పుడే. ఏడాదంతా కాలువ గట్టు మీదికి వెళ్ళొద్దని అరుస్తాం, తీరా సెలవులొచ్చేసరికి కాలువలో నీళ్ళే ఉండవు. బయట నలభై దాటిన ఎండ. దానికి తోడు హాస్టలు కాలేజీల పిల్లలు. పది నెలలపాటు ఫోను మొహం చూడనివ్వరు, తెల్లారి లేచింది మొదలు స్టడీ అవర్లే. ఇంటికొచ్చిన పిల్లవాడికి రోజుకి గంట అని మనం తాళం వేస్తే వాడు ఊరుకుంటాడా? తాళం తీస్తాడు. నాకు వాడిమీద కోపం రాదు, జాలేస్తుంది. గట్టుకి ఎలక బొరియ పడి నీళ్ళు పోతుంటే బొరియ ఎక్కడుందో వెతుకుతాం గానీ నీళ్ళని తిట్టం కదా. మీవాడు ఏ పక్కనుంచి జారుతున్నాడో, ఎందుకు జారుతున్నాడో చూడండి. ఆటే కావాలా, స్నేహితులంతా రాత్రి తొమ్మిదింటికే అక్కడ చేరతారు కాబట్టి వీడు ఒంటరిగా మిగిలిపోతున్నాడా, లేక చదువులో ఏదో గుచ్చుకుంటోందా? ఈ మూడిటికీ మందు ఒకటే ఎలా అవుతుంది?

నా తీర్పు అడిగితే, పదేళ్ళలోపు పిల్లలకి తాళం వేయండి, గట్టిగానే వేయండి. పిల్లల డాక్టర్ల సంఘం ఐఏపీ చెప్పేది కూడా రెండేళ్ళలోపు తెరే వద్దని, ఐదేళ్ళదాకా గంట మించొద్దని, ఐదు నుంచి పదేళ్ళవాళ్ళకి రెండు గంటల లోపని. ఆ వయసువాడికి బేరం తెలీదు, అలవాటే తెలుస్తుంది. పన్నెండు, పదమూడు దాటిందంటే మాత్రం తాళం నమ్ముకోవడం వృథా. అప్పుడు కూర్చోబెట్టి బేరమాడాలి. వాణ్ణే అడగండి, ఎంతసేపు కావాలో. ఎక్కువ చెప్తాడు, మీరు తక్కువ చెప్తారు, మధ్యలో తెగుతుంది. ఆట మధ్యలో ఠక్కున ఆపేసే లాకు కంటే, "ఈ ఆట అయ్యాక ఆపేయ్" అనే మాట వాడు నిలబెట్టుకునే వీలు ఎక్కువ. నిలబెట్టుకోని రోజున మర్నాటి ఆట పోతుందని ముందే అనుకోండి, అన్నది చేయండి. దొంగచాటుగా పిల్లల మెసేజీలు చదివే యాప్‌లు మాత్రం వేయొద్దు. దొరికిపోతారు. ఆ తర్వాత వాడు మీతో ఏదీ చెప్పడు.

ఇంకో మాట, కాస్త కటువుగానే ఉంటుంది. ఆ బేరానికి మామ్మగార్నీ, నాన్నగార్నీ కూడా కూర్చోబెట్టాలి. అత్తగారితో ఎలా చెప్పడమా అని నసుగుతారని నాకు తెలుసు. మీరు చెప్పకండి, ఆయన చేత చెప్పించండి. ఆవిడ ఫోనుకి పిన్ను మార్చి, అది మనవడికి చెప్పనని ఆవిడ చేతే మాట తీసుకోండి. ఆయనగారు కూడా మంచం మీద రీల్సు తిప్పుకుంటూ కొడుకుని కేకలేయడం మానాలి. రాత్రి పదింటికి ఇంట్లో ఫోన్లన్నీ, మీది కూడా, హాల్లో ఒకే చోట చార్జింగుకి పెట్టండి. ఇది ఏ సాఫ్ట్‌వేరూ చేయలేని పని, పైసా ఖర్చు లేదు.

డబ్బు సంగతి మాత్రం నవ్వులాటగా తీసుకోకండి. 2025 ఆగస్టులో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ చట్టం తెచ్చింది. అయినా ఆట సామాన్లు కొనే బొత్తాలు మామూలు గేముల్లో ఉంటూనే ఉంటాయి. యూపీఐ పిన్ను పిల్లలకి తెలియకూడదు, పాలవాడికి కొట్టమని వాళ్ళ చేతికివ్వనూ కూడదు.

పిల్లాడు నిద్ర మానేసినా, తిండి మానేసినా, ఫోను తీసుకుంటే వస్తువులు విసిరేసినా, చచ్చిపోతానని అన్నా అది గారం కాదు, మొండితనం కాదు. పదిమందిలో పరువనుకుని దాచకండి. ఫోను లాక్కున్నారని పిల్లలు చేయరానిది చేసుకున్న వార్తలు మన పేపర్లలోనే చదువుతున్నాం. బెంగుళూరు నిమ్హాన్స్‌లో దీనికోసమే షట్ క్లినిక్ అని 2014 నుంచీ నడుపుతున్నారు. అంతదూరం వెళ్ళలేనివాళ్ళు ముందు టెలిమానస్‌కి ఫోన్ చేయండి. నంబరు 14416. ప్రభుత్వానిదే, డబ్బు తీసుకోరు, రాత్రయినా పగలయినా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.